పన్నెండు చుట్లు

అత్తయ్యా,

పాలు కాచి మూత పెట్టాను. పాప లేస్తే గోరువెచ్చగా చేసి పట్టండి. నేను మైదానానికి పరుగుకి వెళ్తున్నాను.

మళ్ళీ వెళ్తానంటే "ఎవరిని పట్టుకుందామని ఈ పరుగు?" అని రాత్రి నవ్వారు. నాకు మనసు చివుక్కుమంది. కాన్పయ్యాక నాలుగు మెట్లెక్కినా రొప్పొస్తోంది, అందుకే మొదలుపెట్టాను. రెండు చుట్లకే కుళాయి దగ్గర కూలబడుతుంటే విసుగొచ్చి ఈ వారం మానేశాను.

ఈ వారమంతా నేను రోజూ పన్నెండు చుట్లు కొట్టానట. నిన్న సాయంత్రం మైదానం కాపలా తాత మన గుమ్మం దగ్గర ఆగి చెప్పాడు. "చెమట చుక్క లేదు, పిలిస్తే పలకవు, ఏం దమ్మమ్మా నీది! నిన్న గేటుదాకా వచ్చావు, ఈ పొద్దున గేటు దాటి మీ వీధి మలుపుదాకా పరిగెత్తావుగా" అన్నాడు. నిన్న పొద్దునంతా పాపని భుజాన వేసుకుని నేను ఇల్లు కదల్లేదు, మీరే సాక్షి.

నేను వెళ్ళిన రోజుల్లో మాత్రం తాత లెక్కా రెండు చుట్లే. నేను మానేస్తేనే నాలా ఉన్న అది వస్తోంది, రోజురోజుకీ ఇంటికి దగ్గరవుతోంది. అందుకే కాళ్ళీడ్చుకుంటూ అయినా ఇక మానను.

అన్నట్టు, తాళంచెవి ఇక్కడే వదిలేశాను. లోపల గడియ పెట్టుకోండి. తలుపు కొడితే ముందు కిటికీలోంచి చూడండి. నా ముఖమే కదా అని తియ్యకండి. రొప్పుతూ ఉంటేనే తియ్యండి.