ఓడలెక్కిస్తున్న బొమ్మ

ఆదివారం, రాత్రి

మా లాస్య స్కూలు ప్రాజెక్టు కోసం తెచ్చుకున్న పెయింటింగ్ ప్రింటు ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. ఆ బొమ్మలో, కెనడా తీరంలో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న అకాడియన్లను వెళ్లగొట్టడానికి బ్రిటిష్ సైనికులు తుపాకులు చూపించి ఓడలెక్కిస్తున్నారు. అందులో ఒకావిడ తన ఇంటివైపే తిరిగి చూస్తోంది. ఆ ముఖం చూశాక నాకు అన్నం సహించలేదు.

"అమ్మా, వాళ్ల ఇళ్లు ఎవరు తీసుకున్నారు?" అంది లాస్య.

"వేరేవాళ్లొచ్చి ఉన్నారమ్మా."

"నాట్ ఫెయిర్ లా. వీళ్లే ఫస్ట్ కదా," అంది ఇక్కడి పిల్లల యాసలో.

మా మీద ఎవరూ తుపాకీ పెట్టలేదు. ఆవిడతో పోల్చుకోవాలంటే సిగ్గేస్తోంది. కానీ ఈయన ఉద్యోగం పోయిందనీ, వర్క్ పాస్ రద్దయితే నెలలోపు ఈ దేశం వదిలి వెళ్లాలనీ పిల్లకి ఇంకా చెప్పలేదు. నిన్న మేం వంటింట్లో మాట్లాడుకుంటుంటే విన్నదేమో...

ఇందాక చెత్త పడేయడానికి తలుపు తీశాను. గుమ్మం ముందు ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. ఇక్కడి తిండి దుకాణాల హాకర్ సెంటర్లో భోజనం తెచ్చుకునేలోపు మా టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోకుండా గుర్తుగా లాస్య పెట్టి వచ్చేది అలాంటిదే. దాని మీద పెన్నుతో మా ఫ్లాట్ నంబరు రాసి ఉంది.

పొద్దున్నే క్లీనర్ ఊడ్చేస్తాడని లోపలికి తేబోయాను. మళ్లీ అక్కడే పెట్టేశాను.