రసూల్‌బీ పేరు కొట్టివేయుట గురించి

మండల పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, సత్తెనపల్లి పక్క పల్లె రైతు సీతారామాంజనేయులు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంట దొంగతనం జరగలేదనియు, జరిగినదని నేనిచ్చిన ఫిర్యాదులో అనుమానితురాలిగా వ్రాయించిన షేక్ రసూల్‌బీ పేరు వెంటనే కొట్టివేయవలెననియు.

1. గత నెల తమరు ఆటోకు మైకు కట్టించి మా ఊరు పంపియున్నారు. ఊరెళ్లేవారు బీరువాలో బంగారం ఉంచరాదని, తాళంచెవి నమ్మకస్తులకే ఇవ్వవలెనని అందులో చెప్పియున్నారు. రెండో మాట మాకు కొత్త కాదు. మా వీధిలో పదకొండు ఇళ్లు. మిరపకోతల రోజుల్లో తెల్లారేసరికి అందరం చేలల్లో ఉంటాము. తాళాలు వేసి చెవులు రసూల్‌బీ అక్కకు ఇచ్చి పోతాము. ఆమె భర్త హుస్సేన్ సాహెబ్ పోయి తొమ్మిదేళ్లు. మోకాళ్ల నొప్పులతో చేలోకి రాలేక, వీధి మొదట్లో తన ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటుంది. కిటికీ పక్కన పదకొండు మేకులు, పదకొండు చెవులు, గుర్తుకు ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక. కొత్త మనిషి వీధిలో అడుగు పెడితే మిషను ఆపి, "ఎవురయ్యా నువ్వు? ఎవరింటికి?" అని అడగనిదే వదలదు.

2. మైకులోని మొదటి మాట నా భార్య వెంకటేశ్వరమ్మ చెవిన పడినది. ఈ నెల 3వ తేదీన ఆమె, తన తోడబుట్టిన అక్కకు కంటి ఆపరేషనని పొన్నూరు వెళుతూ, తన బంగారమంతా స్టీలు డబ్బాలో పెట్టి, వసారాలోని మిరపకాయల గోతాల్లో ఒకదాని మధ్యకు దోపి, మూతి కుట్టేసినది. ఆ ఘాటుకు ఏ దొంగా చెయ్యి పెట్టడని ఆమె లెక్క. నాకు చెప్పలేదు. 6వ తేదీన నేను నలభై రెండు గోతాలూ కోల్డ్ స్టోరేజికి తోలించితిని.

3. 9వ తేదీన పాస్‌పుస్తకం కోసం బీరువా తెరిస్తే బంగారం లేదు. అప్పుడే పొన్నూరుకు ఒక్క ఫోను చేసి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు. భార్యకు చెప్పడం కంటే పోలీసులకు చెప్పడమే నయమనిపించి తమ వద్దకు వచ్చితిని. ఎవరి మీదైనా అనుమానం ఉన్నదా అని అడిగినారు. "తాళంచెవి రసూల్‌బీ దగ్గరే ఉంటదండి" అన్నాను. వ్రాసుకున్నారు. సంతకం పెట్టాను.

4. 10, 11, 12 తేదీలలో ఆమెను విచారణకు పిలిపించియున్నారు. తమవారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు, అంతే. ఆ మోకాళ్లతో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, వచ్చేపోయే జనమంతా చూస్తుండగా. మూడో రోజు ఇంటికి రాగానే కర్ర పట్టుకుని గడపగడపకూ తిరిగి, "మీ చెవులు మీరే ఉంచుకోండమ్మా" అని ఇచ్చేసింది. నా చేతికి మాత్రం ఇవ్వలేదు, గుమ్మంలో పడేసి పోయింది. ఇప్పుడు వీధిలో చెవులన్నీ మీటరు పెట్టెల మీద, చెప్పుల కింద ఉన్నవి. నిజమైన దొంగ వస్తే వెతుక్కునే పని కూడా లేదు.

5. 14న నా భార్య వచ్చి, గుమ్మంలోనే, "గోతాలేవయ్యా?" అన్నది.

"కోల్డ్ స్టోరేజికి తోలా."

"ఓరి దేవుడో, బంగారం అందులో పెట్టా గదయ్యా!"

"నాకు చెప్పొద్దూ?"

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టే. నీ నోట్లో నువ్వుగింజ నానదు."

మర్నాడు కోల్డ్ స్టోరేజిలో హమాలీ అస్లాం, నేను తుమ్ముకుంటూ గోతాలు విప్పితే ముప్పై ఏడో దాంట్లో డబ్బా దొరికినది. ఒక్క పూస కూడా పోలేదు. నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటనుకుని అస్లాం నీళ్లు తెచ్చిచ్చాడు. సిగ్గుతో ఆ నీళ్లు కూడా తాగలేకపోయాను.

6. 16న ఆమె ఇంటికి పోయి, "తప్పయిపోయింది అక్కా" అన్నాను. మిషను ఆపలేదు. "నా పేరు ఏడ రాయించావో ఆడికే పో తమ్ముడూ. ఆడ కొట్టేయించు. నా గుమ్మంలో ఏడిస్తే నా పేరు పోద్దా?" అన్నది. అందువల్ల తమకు వ్రాసుకొనుచున్నాను.

కావున ఆమె పేరు కొట్టివేసి, కొట్టివేసినట్లు కాగితం ఆమె చేతికే ఇప్పించవలెను. ఆ మైకు ఆటోను మా వీధికి మళ్లీ పంపి, ఆమె ఏ తప్పూ చేయలేదని చెప్పించవలెను. డీజిలు నేను పోయిస్తాను. తప్పుడు ఫిర్యాదుకు చట్టప్రకారం ఏ శిక్షయినా సరే. చట్టంలో లేకపోయినా మూడు రోజులు ఆ బెంచీ మీద నన్ను కూర్చోనివ్వవలెను. నన్ను అక్కడినుంచి లేవమనకుండా ఉంటే చాలు.

ఇది చిత్తగించి, నన్ను కాకపోయినా ఆమెను దయచూడవలెను.

తమకు అబద్ధం చెప్పిన విధేయుడు,
సీతారామాంజనేయులు

మరొక మనవి: పైన అంతా నిజమే గానీ ఒకటి దాచాను. మా ఇంటి రెండో తాళంచెవి నా తమ్ముడు బుల్లయ్య దగ్గర ఉంది. రెండు పూటలా వచ్చి మా గేదె పాలు పితికేది వాడే. చెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా అని తమరు అడిగారు కూడా. లేదన్నాను. తమ్ముడి పేరు చెబితే చుట్టాలంతా నా మీద పడతారు. రసూల్‌బీ పేరు చెబితే ఆమె తరఫున అడగడానికి ఎవరూ రారని నాకు తెలుసు. అనుకున్నట్టే ఎవరూ రాలేదు. అందుకే ఆమె పేరు చెప్పాను.

బుల్లయ్య వచ్చిపోవడం ఆమె కిటికీలోంచి రోజూ చూసేది. మూడు రోజులూ తమకు ఆ మాట చెప్పలేదు. నిన్న నా భార్య వెళ్లి, "ఎందుకు చెప్పలా అక్కా?" అని అడిగిందట.

"చెబితే ఆయన్నీ తెచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెడతారు గదమ్మా. అదెట్టా ఉంటదో మొదటి పూటే తెలిసింది నాకు. తెలిసి ఇంకో మనిషిని ఎట్టా కూర్చోబెట్టను?" అన్నదట.

అయ్యా, ఈ మాట కూడా ఆ కాగితంలో ఎక్కించండి.