వేలెడు దూరం

జూన్ 3, మంగళవారం
ముసురు. అక్వేరియం అద్దం గీకాను. ఉష్ణోగ్రత 26. ఉప్పు సరిగ్గా ఉంది.
ఎడమ రాయి మీద పాకే తెల్ల గుత్తి, పక్కనున్న కొమ్మ పగడానికి వేలెడు దూరంలోకి వచ్చింది. పోయిన నెల జానెడు ఉండేది. కమ్ముకుంటే పగడం బతకదు. గోరంత ముక్క తెచ్చి మా ఆవిడ పెంచింది. ఆవిడ పోయి రెండేళ్లు. పగడం ఇప్పుడు నా అరచేయంత.

జూన్ 4
అక్వేరియం షాపతను ఫొటో చూసి, ఇది మష్రూమ్ పగడం సార్, కత్తిరించి పారేయండి అన్నాడు. మష్రూమ్ పగడానికి కాడ ఉండదు, చేతివేళ్లలాంటి కొసలుండవు. ఇది రోజంతా గుప్పిళ్లు మూసి తెరుస్తుంది. జెనియా అనే మెత్తటి పగడం. పుస్తకంలో బొమ్మ చూశాను. ఈ రోజు ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

జూన్ 5, సాయంత్రం 5
పేరు తప్పు చెప్పినవాడి ఉపాయమే వాడాను. నీళ్లలోనే కత్తిరించాను. శుభ్రంగా వచ్చింది.

జూన్ 19
తొమ్మిది చోట్ల మొలిచింది. ఒకటి ఆవిడ పగడం మొదలు దగ్గరే.

జూన్ 20
బావమరిదికి ఫోన్ చేశాను. ఎడమ రాయి అతనిచ్చిందే. ఆవిడ పోయేముందు ఆస్పత్రి వరండాలో మాటా మాటా అనుకున్నాక మళ్లీ మాట్లాడుకోలేదు. నంబర్ నొక్కడానికి గంట పట్టింది. మొదటి రింగుకే ఎత్తాడు.
విషయం చెప్పాను. కోసేముందు నీళ్లు తిప్పే పంపు ఆపావా బావా అని అడిగాడు. లేదన్నాను. నవ్వాడు. అంటే ముక్కల్ని నారు పోసినట్టు పోశావన్నమాట, అక్క ఉంటే నిన్ను కత్తెర ముట్టుకోనిచ్చేదా అన్నాడు.
రాళ్లు బయటికి తీసి, జెనియాను మొదలుతో సహా ఒలిచి, బ్రష్‌తో తోమాలట. ఆవిడ పగడం తట్టుకుంటుందో లేదో చెప్పలేడట. ముందుగా దాన్నుంచి ఒక కొమ్మ విరిచి వేరే ట్యాంకులో పెట్టాలట. నాకు వేరే ట్యాంకు లేదన్నాను. నాకుందిగా అన్నాడు.
విరవడానికి మనసొప్పలేదు. అయినా ఆదివారం రమ్మన్నాను.

జూన్ 22, ఆదివారం
ఎండ. పంపు ఆపాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఒలిచాం. కొమ్మ నేనే విరిచాను. అతను సంచిలో నీళ్లు పోసి పట్టుకున్నాడు. ఇక్కడిది పోతే అక్కణ్ణుంచి తెస్తాలే, పోకపోయినా వస్తా, నీ కత్తెర మీద ఓ కన్నేసి ఉంచాలి కదా అన్నాడు.
వెళ్లాక చూస్తే అతని గ్లౌజులు ఇక్కడే ఉన్నాయి. ఫోన్ చేసి చెప్పలేదు.
ఉష్ణోగ్రత 26. బెల్ మోగింది, గ్లౌజుల కోసమే అయ్యుంటుంది. ఉప్పు తర్వాత చూస్తాను.