ఏడో నంబరు ముద్ర

ప్రియమైన తమ్ముడికి,

మూడు నెలలకొక ముక్క రాసి చేతులు దులుపుకుంటున్నావు. బైకులు బాగుచేసే చేతికి కలం బరువైందా? ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో రాయి. పోయినసారి చీమలు పాకినట్టు రాశావు.

మా ఫ్యాక్టరీకి కొత్త కెమెరా వచ్చింది. సన్నటి తీగ, దాని చివర ఒక కన్ను. దాన్ని బండ్ల ప్లాస్టిక్ పెట్రోలు ట్యాంకులోకి దించి, లోపలి గోడ తెర మీద చూడాలట. పంతొమ్మిదేళ్లుగా నా పద్ధతి వేరు. గదిలో దీపాలు ఆర్పి ట్యాంకులో చిన్న బల్బు పెడతాను. గోడ ఎక్కడ పలచబడినా, బుడగ ఉన్నా అక్కడ వెలుగు ఎక్కువ. తర్వాత పెద్ద రంధ్రంలోంచి చెయ్యి పెట్టి లోపలంతా తడుముతాను. అన్నీ బాగుంటే మూతి పక్కన తేదీ, నా ఏడో నంబరు ముద్ర. ఈమధ్య పని ఎక్కువై తడమడం మానేశాను, బల్బుతోనే సరిపెడుతున్నాను. ఆ బల్బులూ నాసిరకం, వెలుగే ఉండటం లేదు.

నాకు కెమెరా అక్కర్లేదని ఆఫీసరుకు చెప్పేశాను. నా ముద్ర పడిన ట్యాంకు ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు.

వేళకు తిను.
నీ అక్క

---

ప్రియమైన అక్కకు,

నా అక్షరాలు మొదటినుంచీ ఇంతే. రాత నేర్పింది నువ్వే కాబట్టి తప్పు గురువుది.

అసలు సంగతి చెబుతాను. సోమవారం ఒక బడి పంతులమ్మ బండి తోసుకుంటూ షాపుకు వచ్చింది. "సీటు కింద పెట్రోలు వాసనొస్తోందయ్యా, ఎక్కాలంటే భయమేస్తోంది" అంది. ట్యాంకు విప్పి, కడిగి, బాగా ఆరబెట్టి లోపల టార్చి పెట్టాను. అడుగున కందిగింజంత మచ్చ తెల్లగా వెలిగింది. బుడగ విచ్చుకుంది, పెట్రోలు చెమర్చింది అక్కడే. మూతి పక్కన చూస్తే నీ ఏడో నంబరు.

ఆవిడకేమీ కాలేదు, కొత్త ట్యాంకు వేసి పంపాను. పాతదాని మీది ముద్ర గీకేసి బల్ల కింద దాచాను. ఇక నీ మీదకు మాట రాదు.

కానీ అక్కా, అంత మచ్చ నీ కళ్లు దాటిపోయిందంటే నమ్మలేకపోతున్నాను. నీ ఉత్తరంలో వరసలు వంకరగా పైకి పోతున్నాయి. నాసిరకంవి బల్బులేనా? ఒకసారి కళ్లు చూపించుకో.

నీ తమ్ముడు

(కాగితం అడుగు అంచున, చీమ తలకాయంత అక్షరాలతో) ఇది చదవగలిగితే, జవాబులో నన్ను ఒక్కసారి చిన్నప్పటిలా బుడంకాయ్ అని పిలువు. నా అనుమానం తప్పని ఒప్పుకుంటాను.

---

తమ్ముడూ,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు. ముద్ర గీకేశావా? ఎంత పని చేశావురా. అది ఉన్నది నన్ను పట్టివ్వడానికి కాదు. ఒక ట్యాంకులో బుడగ వచ్చిందంటే ఆ రోజు అచ్చుపోసిన మిగతావాటిలోనూ ఉండొచ్చు. తేదీ తెలిస్తేనే వాటిని పట్టుకోగలం. ఇప్పుడవి ఎవరెవరి బండికి ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

కళ్ల సంగతి నాకు ఏడాదిగా తెలుసు. నీ ఉత్తరం కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకుని కూడబలుక్కుని చదివాను. చెబితే ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. ఆ పని లేకపోతే నేనేమవుతానో నాకు తెలియదు, అదీ నా భయం. కానీ ఆ పంతులమ్మ బండికి నిప్పంటుకుని ఉంటే అన్న ఆలోచన నన్ను తినేస్తోంది.

ముందు ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాతే ఆఫీసరు గదికి వెళ్తాను. నీకు రాసేశాక వెనక్కి తగ్గలేను. ఆ ట్యాంకు వెంటనే పంపు.

అక్క

---

ప్రియమైన అక్కకు,

ట్యాంకు పార్సిల్లో వస్తోంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. నిన్ను కాపాడాలని చూశాను గానీ మిగతావాళ్ల సంగతే తట్టలేదు. గీకినచోట వేలు పెట్టి రుద్ది చూశాను. ముద్ర లోతుగా పడింది కాబట్టి నీ ఏడు తగులుతోంది, తేదీలో పద్నాలుగు తగులుతోంది. నెల మాత్రం అంతు చిక్కడం లేదు. నీ వేళ్లకు దొరుకుతుందేమో చూడు.

పంతులమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ముందు మీ అక్కయ్యను కళ్లు చూపించుకోమనండి" అంది.

వాళ్లు పొమ్మంటే నా షాపుకు వచ్చెయ్. ఏదైనా సరే జవాబు రాయి, బెంగగా ఉంది.

నీ తమ్ముడు

---

ప్రియమైన తమ్ముడికి,

నెల దాటిపోయింది, నీ కార్డులు మూడూ అందాయి. కొన్నాళ్లు చదవడం, రాయడం వద్దని డాక్టరు అన్నాడు.

నెల నా వేలికి దొరికింది, మూడోది. ఆ రోజు అచ్చుపోసినవి నూట ఎనభై. చాలావరకు గోదాములోనే ఉన్నాయి, మిగతావాటిని కబురుపెట్టి వెనక్కి రప్పించారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆఫీసరు మొదటిరోజు నా ముద్ర తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. మర్నాడు పిలిచి, "కనబడదు సరే, తడమగలవా?" అన్నాడు. ట్యాంకులన్నీ చేరాక, కెమెరా నడిపే ఆవిడా నేనూ పక్కపక్కన కూర్చుని నూట ఎనభై ట్యాంకులూ చూశాం. తెర మీద ఆవిడకు దొరకని బుడగ ఒకటి నా వేళ్లకు దొరికింది. అలాగని గొప్పలు పోలేను. నా వేళ్లు చేరని మూలల్లో ఆవిడ రెండు పట్టింది. ఇకనుంచి ప్రతి ట్యాంకుకూ రెండు ముద్రలు, ఆవిడదీ నాదీ. తడమడం మానకూడదని గోడ మీద రాసి పెట్టారు. అది నా కోసమేనని అందరికీ తెలుసు.

కుడి కంట్లో శుక్లం తీసేశారు. ఎడమది వచ్చే నెల. డాక్టరు కాగితం నిన్న ఆఫీసరుకిస్తే, ముద్ర తీసి నా చేతిలో పెట్టాడు.

పనిలోకి వెళ్లగానే బల్బు వెలిగించి చూశాను. బల్బులు మంచివే.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్లీ మొదటినుంచి చదివాను. అందులో ఒకదాని అడుగు అంచున ఉన్నది కాగితం మడత అనుకున్నాను ఇన్నాళ్లూ. నీ అనుమానం తప్పు కాదు. అయినా అడిగావు కాబట్టి పిలుస్తున్నాను.

ఇక ఉంటాను, బుడంకాయ్.

నీ అక్క