వీధిగదిలో సిగ్నల్ లేదు

నాచారం,
ఆగస్టు 2013

ఉప్పల్ ఆకాశదీపం డిష్ సర్వీసు సెంటరు వారికి నాచారం నుంచి చిదంబరం నమస్కరించి రాయునది.

మీ నంబరుకి ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, తరవాత ఇంకోటి నొక్కమంది, చివరికి పాట వినిపించింది. పాట బాగుంది గానీ నా బాధ తీరలేదు. నేను ఫ్యాక్టరీ డిస్పాచ్ సెక్షన్‌లో రిటైరయినవాణ్ణి. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క నాకు. అందుకే ఈ ఉత్తరం.

మా డాబా మీద మీ డిష్ ఒకటే. దాన్నుంచి రెండు కేబుళ్లు, రెండు టీవీలు. హాల్లో మా ఆవిడ తారామణి సీరియల్స్ చూస్తుంది. వీధిగదిలో నేనూ, పక్కింటి బిక్షపతీ సాయంత్రం వార్తల చర్చ చూస్తాం. హాల్లో బొమ్మ అద్దంలా ఉంటుంది. వీధిగదిలో మాత్రం చర్చ మంచి పట్టుమీద ఉండగా బొమ్మ ఆగిపోయి 'సిగ్నల్ లేదు' అని వస్తుంది. పొద్దున్న భక్తి కార్యక్రమాలకి ఏ లోటూ లేదు. వెంటనే బాగుచేయించగలరు.

ఇట్లు,
ఒక గదికి మాత్రమే మీ వినియోగదారుడు,
చిదంబరం

తా.క.: మీ ఫోను పాటలో వయొలిన్ కాస్త శ్రుతి తప్పింది. అది కూడా చూడండి.

ఉప్పల్

గౌరవనీయులైన చిదంబరం గారికి,

ఫిర్యాదుల విభాగం నుంచి స్వర్ణలత నమస్కారాలు. వర్షాకాలంలో దట్టమైన మబ్బుల వల్ల సిగ్నల్ కాసేపు పోవడం సహజం. మబ్బు తొలగేవరకూ దయచేసి వేచి ఉండగలరు. అయినా మీ తృప్తి కోసం మా టెక్నీషియన్ దుర్గేష్‌ను పంపుతున్నాం.

మీ సేవలో,
స్వర్ణలత

తా.క.: పాట గురించి మీరు రాసింది పైవాళ్లకు పంపాం. అది వయొలిన్ కాదు, షెహనాయి అని జవాబొచ్చింది.

నాచారం

అమ్మా స్వర్ణలతా,

ఆశీస్సులు. మబ్బు మా వీధిగది మీద నిలబడి, పక్కనే ఉన్న హాలుని ఎలా వదిలేస్తుందో మీ కంపెనీయే చెప్పాలి.

దుర్గేష్ వచ్చాడు. డాబా ఎక్కి దిగి, "సార్, డాబా మీద మెట్ల కాడ కేబుల్ జాయింటు లూజయింది. మస్తు టైటు జేసిన. ఇగ ఫికర్ వద్దు" అన్నాడు. తారామణి అతనికి పెసరట్టు వేసి పెట్టింది. ఆ సాయంత్రం చర్చలో ఇద్దరు నాయకులు కుర్చీల్లోంచి లేచారో లేదో, మళ్లీ సిగ్నల్ లేదు. మర్నాడు దుర్గేష్ మళ్లీ వచ్చాడు. అదే జాయింటు, అదే బిగింపు, అదే పెసరట్టు. సాయంత్రానికి మళ్లీ మొదలు.

మీవాడు కావాలనే సగం బిగించి పోతున్నాడని బిక్షపతి అనుమానం. "గీ పోరడు తిననీకె ఒస్తుండన్నా, పని చేయనీకె కాదు" అంటున్నాడు. నాకూ అలాగే అనిపిస్తోంది.

ఓపిక నశిస్తున్న
చిదంబరం

తా.క.: ఇవాళ మూడోసారి వచ్చి, పెసరట్టులో ఉప్మా ఉంటుందా అని అడిగాడు. మీది సర్వీసు సెంటరా, హోటలా?

ఉప్పల్

గౌరవనీయులైన చిదంబరం గారికి నమస్కారాలు.

దుర్గేష్‌ను సంజాయిషీ అడిగాను. "మేడమ్, నేను బిగిచ్చింది నేనే ఇప్పుకుంటనా? గా జాయింటు దానంతల అది తిరిగేటిది కాదు. పెసరట్టు సంగతైతే నిజమే" అన్నాడు. కొత్త కేబులు వేశాడు. మీ రెండు గదుల బాక్సులూ అటుదిటూ ఇటుదటూ మార్చి చూశాడు. హాలు బాక్సు వీధిగదికి వచ్చాక అదీ పాడయింది, వీధిగది బాక్సు హాలుకి వెళ్లాక బాగుపడింది. మా ఇంజనీరు గారు తల పట్టుకున్నారు.

ఇక ఒక్కటే దారి. ఏ కార్యక్రమంలో, ఎవరు మాట్లాడుతుండగా సిగ్నల్ పోతోందో కాస్త గమనించి రాయండి.

మీ సేవలో,
స్వర్ణలత

నాచారం

స్వర్ణలతకు,

'ఎవరు మాట్లాడుతుండగా' అని మీరే అడిగారు చూశారా! అక్కడే దొంగ దొరికాడు.

గమనించాను. రాష్ట్రం కలిసుండాలనే మనిషి నోరు తెరవగానే మీ సిగ్నల్ పోతోంది. మీ కంపెనీ తెలంగాణ పక్షమని ముందే చెప్పి ఉంటే నేను మీ డిష్ పెట్టించుకునేవాణ్ణే కాదు. భీమవరం నుంచి వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్నంత మాత్రాన నా టీవీలో నా వైపు మాట వినకూడదా? ఇక వినియోగదారుల ఫోరంలో తేల్చుకుంటాను.

చిదంబరం

తా.క.: ఈ కింది నాలుగు ముక్కలు బిక్షపతి రాస్తున్నది. మేడమ్, అన్న రాసింది తప్పు. మా తెలంగాణాయన మాట్లాడబోతేనే బందయితది. మీ కంపెనీ ఆంధ్రోళ్లదని నాకు ఎప్పుడో ఎరుక. నేను సుత ఫోరంకు పోత. ఇద్దరం ఒక్క ఆటోలనే పోతం.

ఉప్పల్

గౌరవనీయులైన చిదంబరం గారికి, బిక్షపతి గారికి,

మా కంపెనీకి ఏ ప్రాంతం మీదా ప్రత్యేకమైన అభిమానం లేదని మనవి. ఇక్కడ పనిచేసే మా మీదే లేదు.

ఫోరం మాట వినగానే మా మేనేజరు స్వయంగా కదిలారు. దుర్గేష్ చేత ఆ జాయింటుకి గట్టి సీలు వేయించాం. ఇక పిడుగు పడినా మీ వీధిగదిలో సిగ్నల్ పోదు. ఫోరం ఆలోచన విరమించగలరు.

మీ సేవలో,
స్వర్ణలత

తా.క.: దుర్గేష్‌కి ఈసారి మీ ఇంట్లో మంచినీళ్లు కూడా ఇవ్వలేదట. సీలు వేస్తున్నంతసేపూ మీ శ్రీమతీ, బిక్షపతి గారి భార్య మల్లవ్వా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారట. "గట్ల సూస్తుంటే ఒక్క సీలు రెండుసార్లు వేసిన మేడమ్" అంటున్నాడు.

నాచారం

అమ్మా స్వర్ణలతా,

మళ్లీ కంప్లైంటే. సిగ్నల్ పోవడం లేదు.

మీ సీలు నిలిచింది. చర్చ మొదటిసారి ఆఖరిదాకా చూశాం. టీవీలో వాళ్లు బల్ల చరిచారు, ఇక్కడ మేమూ చరిచాం. ఆ వేడిలో నేను బిక్షపతిని అనరాని మాట అన్నాను. "ఇన్నేండ్ల సంది నీ మనసుల గిదా ఉన్నది?" అని లేచి వెళ్లిపోయాడు. చెప్పులు మా గుమ్మంలోనే ఉండిపోయాయి. అటు టీవీలో కొట్టుకున్న ఇద్దరూ చివర్లో నవ్వుకుంటూ చేతులు కలిపారు. అది చూడ్డానికి బిక్షపతి లేడు.

ఆ తరవాత రోజూ బొమ్మ దివ్యంగా వచ్చింది. గదిలో నేనొక్కణ్ణే. నిన్న తారామణి కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి, "ఇప్పుడు కడుపు నిండిందా? మీ గొంతులు లేచేసరికి నేనో, మల్లవ్వో ఆరేసిన బట్టలు తెచ్చే వంకన డాబా ఎక్కి ఆ జాయింటు వదులు చేసేవాళ్లం. టీవీ పోతే మీరిద్దరూ ఒకటై కంపెనీని తిట్టుకునేవాళ్లు. ఇంట్లో హాయిగా ఉండేది" అంది.

చెప్పులు చేత్తో పట్టుకుని పక్కింటికి వెళ్లాను. బిక్షపతి గుమ్మంలోనే ఆపాడు.

"ఏందన్నా, సిగ్నల్ పోయిందా?"

"పోలేదు."

"మరెందుకొచ్చినవ్?"

"అదే వచ్చిన చిక్కు."

నా చేతిలోని చెప్పులు చూశాడు. నేనన్న మాటకి ఏమీ అనుకోవద్దన్నాను. "నేనేమన్న తక్కువన్ననా? లోపటికి రా, మీ మరదలు చాయ్ పెడ్తది" అన్నాడు. మల్లవ్వ చాయ్ ఇస్తూ, "తెలంగాణ ఒస్తే గీ వాకిట్లకే ఒస్తది, మీ టీవీలకు కాదు. అప్పుడు సుత తారామణి అక్కా నేనే గీడ ముగ్గేస్తం" అంది. ఇద్దరం తలలొంచుకుని తాగాం.

కాబట్టి కోరేదేమంటే, దుర్గేష్‌ను పంపి సీలు తీయించండి. జాయింటు మునుపటిలా చేత్తో తిరగాలి. ఆడవాళ్ల చేత్తో. కంపెనీని మునుపటిలాగే తిట్టుకుంటాం, మీరు మనసులో పెట్టుకోవద్దు.

ఇట్లు,
మీ పాత శత్రువులు,
చిదంబరం, బిక్షపతి

తా.క.: కవరు అంటించబోతుండగా కొత్త ముప్పు. మీరు వచ్చేదాకా ఆగలేక మల్లవ్వ కూరగాయల కత్తితో డాబా మీద కేబులు కోసేసింది. తీరా చూస్తే కోసింది హాలు కేబులు. వీధిగదిలో చర్చ మోగిపోతోంది, హాల్లో సీరియల్ లేదు. ఆడవాళ్లిద్దరూ వచ్చి మా ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. రిమోట్ ఇప్పుడు వాళ్ల చేతిలో ఉంది, వీధిగదిలోనూ ఇక సీరియలే. ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా మేమిద్దరం ఆటోలో తెస్తున్నాం. దుర్గేష్‌ను ఎటూ పోనివ్వకండి.