ఎర్ర పేలిక కట్టిన మొక్కలను కొట్టవద్దని

వృక్షోద్యాన సంచాలకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దేశవాళీ మొక్కల విభాగంలో ఎర్ర పేలిక కట్టిన నలభై రెండు మొక్కలను ఈ ఉదయం కొట్టివేయుట – దానిని తక్షణం ఆపుట – తక్షణం అనగా తమరు ఈ వాక్యం చదువుతున్నప్పుడే.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీని తమ గది తలుపు ముందున్న బల్ల మీద తొమ్మిది గంటల నలభై నిమిషములకు ప్రారంభించడమైనది. లోపల తమరు జీవవైవిధ్య వారోత్సవాల ఏర్పాట్లపై సమావేశంలో ఉన్నారు. రెండు ముక్కలు నోటితో చెప్పి వెళ్లిపోతానని తమ అటెండరు గారిని బతిమాలాను. "కాగితమైతే లోపలికి పోతుంది బాబూ, మనిషి పోడు" అన్నారాయన. కాగితం, కలం ఆయనే ఇచ్చారు. నంబర్లు వేసి రాయకపోతే సారు చదవరని కూడా సెలవిచ్చారు. కావున వేస్తున్నాను.

1. ఇది ఎండాకాలం చివర. మన దేశవాళీ మొక్కల్లో సగానికి సగం ఈ రోజుల్లో ఆకు రాల్చి, ఒళ్లు ఎండగట్టి, చచ్చినట్టు పడి ఉంటాయి. తొలి వాన పడగానే లేస్తాయి. గత మంగళవారం తమరు ఆ విభాగానికి దయచేసి, అతిథులు వచ్చే లోపల ఈ ఎండుపుల్లలు తీసిపారేయమని ఆదేశించి ఉన్నారు. పడుకున్నారన్న కారణంగా ఉద్యోగులను తొలగించే పద్ధతి మన కార్యాలయంలో లేదు. మొక్కలకు కూడా అదే నిబంధన వర్తింపజేయగలరు.

2. ఆ విభాగపు పెద్ద తోటమాలి మా మేనత్త. తోటలో అందరికీ విత్తనాలత్త. ఏ మొక్కకు కాయ పడితే ఆ మొక్కకు, పాత ఎర్ర దుప్పటి చింపి ఒక పేలిక కడుతుంది. గింజ ముదిరేదాకా దీని జోలికి ఎవరూ రాకూడదని దాని అర్థం. ఇది ఏ నియమావళిలోనూ లేదు. కానీ నీళ్లు పట్టేవారి నుంచి ఊడ్చేవారి దాకా ఆ పేలిక కనబడితే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తమరు వచ్చి మూడు నెలలే అయింది గనుక ఈ సంగతి తమ దృష్టికి రాలేదు. తీసివేయడానికే ఎర్రగా గుర్తు పెట్టారని తమరనుకున్నారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చెట్లకు వేసే ఎర్ర రంగు చూసినవారెవరైనా అలాగే అనుకుంటారు. తమను తప్పు పట్టడం లేదు.

3. "గుర్తున్నవన్నీ రాసుకురా" అని తమరు ఒక ఉద్యోగిని పంపారు. అవి కాపాడవలసిన మొక్కల పట్టిక అనుకుని అతడు ఎండలో రెండు పూటలు తిరిగి, ఎంతో శ్రద్ధగా, ఒక్కటి వదలకుండా రాసుకొచ్చాడు. అదే పట్టికకు "తొలగింపు" అని తల కట్టి, తమ సంతకంతో కోతవారికి పంపడమైనది. ఆ విధంగా తోటలో గింజకు వచ్చిన మొక్కలన్నీ, గింజకు వచ్చినవి మాత్రమే, మరణశిక్షకు ఎంపికైనవి. సదరు ఉద్యోగి గురించి ఐదో అంశంలో మనవి చేస్తాను.

4. ఇప్పుడు ఏడో వరుస చివరనున్న తీగ సంగతి. పుస్తకంలో దాని పేరు నోరు తిరగదు. అత్త దాన్ని మొండిది అంటుంది. పదకొండేళ్ల క్రితం ఒక కొండను రాయి కోసం తవ్వబోతున్నారని తెలిసి, ముందురోజు వెళ్లి మూడు గింజలు ఏరుకొచ్చింది. ఇప్పుడా కొండ లేదు. రెండు గింజలు మొలవలేదు. మూడోది మొలిచి, పదేళ్లు పువ్వన్నది పూయకుండా అత్త సహనాన్ని పరీక్షించింది. ఈ ఏడాది తొమ్మిది కాయలు కాసింది. ఇంకా పచ్చివి, పన్నెండు రోజులు కావాలి. ముదిరితే పగిలి గింజ గాలికి పోతుందని, దోమతెర ముక్కతో ఒక్కొక్క కాయకూ సంచి కట్టి ఉంచింది. అత్త ఈ నెలాఖరుకు రిటైరవుతుంది. ఆ గింజలు చేతికి రాకపోతే ఆ తీగ కథ ఇంతటితో సరి.

దాని ఎండుకాడల మీద ఇరవై ఆరు సీతాకోకచిలుక గూళ్లున్నాయి. ఆ పురుగు ఈ తీగ ఆకు తప్ప ఇంకేదీ ముట్టదు. వారోత్సవాల బ్యానరు మీద రెక్కలు చాచి ఉన్నది ఆ సీతాకోకచిలుకేనని, దానిని తమరే ఎంపిక చేశారని సవినయంగా గుర్తుచేస్తున్నాను.

పొద్దున్నే వెళ్లి తీగకున్న పేలిక, దాని పక్క మొక్కది విప్పేశాను. కోత మేస్త్రీ చూశాడు. "కాగితంలో నలభై రెండుంది బాబూ. రెండు తగ్గితే ఎండినవి ఏవో రెండు కొట్టి లెక్క సరిచేస్తా. మళ్లీ నన్ను అనొద్దు" అన్నాడు. ఎండనిది ఏదీ ఆ చుట్టుపక్కల లేదు. మళ్లీ కట్టేశాను. పాపం చెడ్డవాడు కాడు. సారు సంతకం తెస్తే ఆ నిమిషమే మిషను ఆపేస్తానన్నాడు. పది గంటలకు మొదటి వరుసలో మొదలుపెడతాడు. ఏడో వరుసకు ముప్పావుగంట.

5. ఆ ఉద్యోగి నేనే.

తమ కార్యాలయపు తాత్కాలిక కంప్యూటరు ఆపరేటరును. వృక్షశాస్త్రంలో ప్రథమశ్రేణి. పట్టిక టైపు చేసింది నేను, పైన తర్వాత ఆఫీసులో చేర్చిన "తొలగింపు" అన్న మాట చూడకుండా ప్రింటు తీసి తమ ముందు పెట్టింది నేను. ఇవాళ పొద్దున అత్త ఆ కాగితం మేస్త్రీ చేతిలోంచి లాక్కుని చదివి, "ఎవడ్రా ఈ లిస్టు రాసింది? నా తోటంతా తెలిసినవాడిలా ఉన్నాడే. ఒక్కటైనా తప్పిపోలేదు" అంది. కనుక్కుంటానత్తా అని చెప్పి ఇక్కడికి పరుగెత్తుకొచ్చాను. అత్తకు ఇంకా తెలియదు.

6. సార్, మిషను మొదలైంది. ఇక్కడికి వినబడుతోంది. తమ కిటికీ మూసి ఉన్నందున లోపలికి వినబడకపోవచ్చు.

7. కోర్కె: తమ ఉత్తర్వులో దోషం లేదు. దోషం పట్టికది. పట్టిక నాది. తమ సంతకానికి మచ్చ రాకుండా ఈ ముక్క నా చేతిరాతతో ఇస్తున్నాను, ఫైలులో ఉంచుకోగలరు. నా ఉద్యోగం పొడిగింపు కాగితం శుక్రవారం తమ బల్ల మీదికి వస్తుంది. దాని విషయంలో తమకెలా తోస్తే అలా చేయండి. నన్ను తీసేసినా తోటకు లోటు రాదు, నాకు కాయలు కాయవు. ఈ కాగితం వెనుక "ఆపండి" అని మూడక్షరాలు రాసి, కింద సంతకం పెడితే చాలు. ముద్ర అక్కర్లేదని మేస్త్రీని అడిగి తెలుసుకున్నాను.

ఈ మనవిని చిత్తగించవలెను. చిత్తగించుచూనే కలం మూత తీయవలెను.

తమ విధేయుడు,
తాత్కాలిక కంప్యూటరు ఆపరేటరు
(విత్తనాలత్త మేనల్లుడు)

తా.క.: పది గంటల ముప్పై నిమిషాలు. టీతోపాటు కాగితం లోపలికి పంపుతామని, టీకి ఇంకా కాస్త టైముందని అటెండరు గారు అన్నారు. ఆ కాస్త టైములో కిందికి పోయి వచ్చి ఇది రాస్తున్నాను. మిషను నాలుగో వరుస దాటింది. అత్త ఏడో వరుసలో, తీగకు అడ్డంగా కాళ్లు బారచాపుకుని కూర్చుంది. లిస్టు రాసింది నేనేనని చెప్పేశాను. తిట్టలేదు. మా అత్త తిట్టకపోవడం నేనింతవరకు చూడలేదు సార్. మిషను వైపు చూసి, "సంతకం అయిందా?" అని అడిగింది. కాలేదన్నాను.

"ముందు అది పట్రా. నీ సంగతి తర్వాత తీరిగ్గా చూస్తా" అంది.

కావున అయ్యా, నా వరకైతే ఆ సంతకానికి ఏమాత్రం తొందర లేదు. తీగ కోసం మాత్రం ఇప్పుడే చేయగలరు.