ఆవిరి కథలో తమ్ముడి చెయ్యి

సాతంరాయి

తమ్ముడు నర్సింహను అక్క బాలమ్మ మనసారా దీవించి రాయించే సంగతులు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ, మరదలు సాయమ్మా, పిల్లలూ బాగున్నారా? చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నీ చెయ్యి ఎలా ఉందని మాత్రం ఇప్పుడే అడగను. ఆ సంగతి కోసమే ఈ ఉత్తరం.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే నేను సగం చెప్పకముందే "ఇడిసిపెట్టక్కా, అయిపోయినయి" అని నా నోరు మూయిస్తావు. కాగితం నోరు మూయించలేవు. రాస్తున్నది మన యాదమ్మ బిడ్డ శ్రావణి. నా మాటల్ని సాపు చేసి రాస్తుంది గానీ ఒక్కటి వదిలినా ఊరుకోనని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

మీ బావ సంవత్సరీకం చేసి కూతురు యాదమ్మ ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. కిరాయి ఇల్లు, రెండు గదులు. నెత్తి మీదుగా విమానాలు దిగుతాయి. విమానం వచ్చినప్పుడు మాట ఆపి, అది పోయాక అందుకోవడం నేర్చుకున్నాను. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె మాత్రం ఈ గ్యాసు పొయ్యి మీద మనింట్లో కాలినట్టు కాలదు. తల్లి పనికీ, బిడ్డ కాలేజీకీ పోయాక నాతో మాట్లాడే మనిషి ఉండదు. ఎండ కిటికీలోంచి తలుపు దాకా జరిగేది చూస్తూ కూర్చుంటాను. అయినా బాగానే ఉన్నాను, నువ్వు పరేషాన్ కావద్దు.

యాదమ్మ పని మామిడిపల్లి దిక్కున ఒక పెద్ద గోదాములో. విమానాల్లో వచ్చిన సామాన్లు అక్కడికి వస్తాయి. దాని ముంజేతికి గడియారం లాంటి మిషిన్ కడతారు. అది ఏ వరుసకు పొమ్మంటే ఆ వరుసకు పోవాలి. కాసేపు నిలబడితే కూత పెడుతుంది. రోజంతా బిడ్డను నడిపించే మేస్త్రీ ఆ మిషినే.

శ్రావణి కథలు రాస్తుంది. ఏవో ఊహా కథలన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తున్నారట, ఒక్కొక్కరి నుంచి ఒక్క కథే తీసుకుంటారట. ఇది రెండు రాసి కూర్చుంది. ఏది పంపాలో తేలక రెండూ నాకు చదివి వినిపించింది.

"అమ్మమ్మా, ఇది స్టీమ్‌పంక్. కరెంటు లోకం రాకుండ, అంత ఆవిరితోనే నడిచి ఉంటే ఎట్లుండేదో రాస్తరు. ఇదేమో సైబర్‌పంక్. మిషిన్లు మనిషి ఒంట్లకు వచ్చినంక, కంపెనీలే సర్కారైనంక ఎట్లుంటదో రాస్తరు."

"రెండోదాంట్ల కొత్త ఏమున్నదే? మీ అమ్మ ముంజెయ్యి చూడు," అన్నాను.

తమ్ముడూ, ఆ ఆవిరి కథ వింటుంటే నా ఒళ్ళు పులకరించింది. శంషాబాదు మీద ఆకాశంలో ఓడ తిరుగుతుంది. దానికి ఇత్తడి చక్రాలు, తోలు పట్టాలు, కుండంత అద్దాల కళ్ళజోడు పెట్టుకున్న మిస్త్రీ. ఆ మిస్త్రీ ఎవరనుకున్నావు? మీ బావే! రైసుమిల్లు బాయిలరు కొలిమిలో ఊక ఎలా విసిరేవాడో, కొత్త సీజనులో దాని తలుపుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ ఎలా కొట్టేవాడో, చెవి ఆనించి లోపలి నీళ్ళ చప్పుడు ఎలా పట్టేవాడో, అన్నీ నేను చెప్పినవే రాసింది. రెండోదాన్ని నేను తీగల కథ అంటాను, అందులో ఎప్పుడూ వాన, రంగురంగుల లైట్లు, అడుక్కో కెమెరా. ఒక గోదాము పనిమనిషి కంట్లో కంపెనీవాళ్ళు మిషిన్ పెడతారు. మిషిన్ తప్పు లెక్క చూపిస్తే నేరం ఆమె మీద పడుతుంది. ఆమె రాత్రికి రాత్రి ఆ మిషిన్‌ను పీకేసుకుని పారిపోతుంది.

నేను ఆవిరి పక్షమే పట్టాను. గట్టిగా వాదించాను కూడా. "ఆవిరి కథల చక్రం తిరిగితే కండ్ల పడ్తది. పట్టా తెగితే తెగిందని ఎరుకైతది. ఒక్కడు పానా పట్టుకొని బాగు చేస్తడు. మనిషి మిషిన్ కంటె పెద్దగుంటడు. నీ తీగల దాంట్ల మనిషి చీమంత. గది చదివి ఎవలకు సంతోషమే?"

"సంతోషానికి కాదమ్మమ్మా. గంత చిన్న మనిషి గూడ తలొంచదు గదా, అది చూడనీకి చదువుతరు. ఆవిరిదేమో, జరగని పాతకాలాన్ని ముద్దు చేసుకునుడు."

"ముద్దు చేసుకుంటే తప్పేంది? చల్, ఆవిరిదే పంపు!" అన్నాను. పిల్ల తలూపింది. నేను గెలిచాననుకున్నాను.

మొన్న ఆదివారం యాదమ్మకు సెలవు. సాపు చేసిన ఆవిరి కథను శ్రావణి తల్లికి చదివి వినిపించింది. ఆ కథలో మిస్త్రీ దగ్గర ఒక తింగరోడు ఉంటాడు. చెప్పిన పని చెయ్యడు, ముట్టొద్దన్నది ముడతాడు. మిస్త్రీ లేనప్పుడు పోయి ఏదో తిప్పి చెయ్యి కాల్చుకుంటాడు. అందరూ నవ్వాలని రాసింది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను, తమ్ముడూ. యాదమ్మ నవ్వలేదు.

"గీ పోరడు నర్సింహ మామ లెక్కున్నడేందే?"

"అమ్మమ్మ చెప్పిందే రాసిన," అంది శ్రావణి.

"మామ గట్ల ఊకె ముట్టెటోడు కాదు. గాయిన ఎవల సైకిల్ గూడ అడగకుండ పట్టడు," అని యాదమ్మ నా మొహం చూసింది. నేను చెంబు అందుకుని నీళ్ళు తాగాను.

మర్నాడు శ్రావణిని మళ్ళీ ఆ తీగల కథ చదవమన్నాను. చెయ్యని తప్పు ఆ పనిమనిషి మీద పడ్డ చోట నాకు మండింది. "ఆమె నెత్తిన రుద్దినోడు ఎవడే? వాని పేరు రాయి!" అని అరిచాను.

"దొరకడమ్మమ్మా. గీ కథల భయమే గది. తప్పు ఎవలు రుద్దిన్రో ఎంత దేవులాడినా మొఖం కనబడదు."

అప్పుడు నాకు తట్టింది. నాకు ఆవిరి కథ ఎందుకు నచ్చిందో తెలుసు కదా, అందులో అన్నీ కళ్ళకు కనబడతాయి. మరి అందులో తప్పు రుద్దిన మనిషి మాత్రం ఎందుకు కనబడటం లేదు? ఎందుకంటే ఆ మనిషి కథ చెబుతూ కూర్చుంది. అది నేనే.

శ్రావణీ, ఇక్కడి నుంచి నిదానంగా రాయి.

తమ్ముడూ, ఆ రోజు మనం ఎల్లమ్మ తల్లికి పండుగ చేసుకున్నాం. మటన్ ఉడికింది, చుట్టాలంతా విస్తర్ల ముందు కూర్చున్నారు, ఇంటాయన రాలేదు. ముగ్గురు ఆడబిడ్డలు నన్ను చూసి మూతులు తిప్పారు. నాకు తల కొట్టేసినట్టయి, మిల్లులో బాయిలరు గదికి పోయి ఆయన మీద అరిచాను. మీ బావ కదలలేదు. "నీళ్ళ మట్టం చూపే గాజు గొట్టంల సన్న పగులు కనబడ్తుంది. మంట ఆర్పుదామంటే సేటు ఒప్పుకుంటలేడు. నేనిక్కడ్నే ఉండాలె," అన్నాడు. "గంటల ఏమైతది? నర్సింహ లేడా?" అని నేనే నీ భుజం పట్టి గొట్టం ముందు నిలబెట్టాను. నీకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు, బావ కింద కొత్తగా పనిలో చేరావు. "అక్కా, నాకు భయమైతుంది" అన్నావు. నేను విన్నాను. వినీ మీ బావను వెంటబెట్టుకుని వచ్చేశాను.

విస్తరి సగం తినకముందే మిల్లు దిక్కున గొట్టం పగిలిన చప్పుడైంది.

సేటు అడిగినప్పుడు "పోరడు చెప్పకుండ ముట్టిండు" అన్నది నేను. మీ బావ పని పోతుందని అన్నాను. ఆయన నోరు తెరవబోతే కాలు తొక్కాను. నువ్వు కాలిన చేతితో దవాఖానలో అరటాకుల మీద పడుకుని ఉన్నావు, వచ్చాక ఆ మాట విని కూడా ఎవరికీ ఎదురు చెప్పలేదు. నీ పని పోయింది, మోచెయ్యి మళ్ళీ సాగలేదు. మాకు బువ్వ దొరికింది. ఆ అబద్ధం ఎన్నిసార్లు చెప్పానంటే, మనవరాలికి చెప్పేటప్పుడు నాకే అది అబద్ధమని తోచలేదు.

శ్రావణి కలం ఆగింది. "రాయవే" అన్నాను. "అమ్మమ్మా, గిది నిజమా?" అంది. నిజమే. కన్ను తుడుచుకుని మళ్ళీ రాస్తోంది. నా మీద కోపం వచ్చిందో ఏమో, నా దిక్కు చూడటం లేదు. చూడకపోయినా సరే.

ఇప్పుడు ఆ కథ అచ్చులోకి పోవాలి. నువ్వు చదువుకున్నవాడివి, రేపు పుస్తకం నీ చేతికి వస్తుంది. లోకమంతా నవ్వే ఆ తింగరోడు నువ్వేనని నీకు తెలిసిపోతుంది. నెలాఖరు దాకా గడువుందట. నువ్వు ఏమీ చెప్పకుండా పంపనని శ్రావణి అంటోంది. ఆ రోజు ఏం జరిగిందో నువ్వు నీ నోటితో దానికి చెప్పు. మిస్త్రీ భార్య ఒకతె వచ్చి పోరడి భుజం పట్టి నిలబెట్టిందని అది రాస్తుంది. అలా రాస్తే ఆవిరి కథ ముద్దుగా ఉండదేమో అన్నాను. "ఉండకపోనీ" అంది. తీగల కథే పంపితే నేను తప్పించుకోవచ్చు, ఆ దారి వద్దని నేనే చెప్పాను.

క్షమించమని రాయించను, అంత మొహం నాకు లేదు. తిట్టాలనిపిస్తే కడుపు నిండా తిట్టి రాయి. నీ ఉత్తరం వచ్చాక శ్రావణే చదివి వినిపించాలి, నాకు వేరే దిక్కు లేదు. ఒక్క తిట్టు మింగినా ఒప్పుకోనని దాని చేత ఒట్టు వేయించుకున్నాను.

ఇటు ఎవరైనా వస్తే అంబలికి తైదపిండి, ఎండు మిరపకాయలు పంపు. చిన్నమ్మ కాళ్ళు నా తరఫున మొక్కి, నన్ను దీవించమను. అడిగితే ఎందుకో కూడా చెప్పు. మరదలికి, పిల్లలకు నా దీవెనలు. ఇంతకాలం అడగనిది ఇప్పుడు అడుగుతున్నాను: చలికి ఆ చెయ్యి గుంజుతుందా, నర్సింహా?

ఆ రోజు నిన్ను అక్కడ నిలబెట్టి పోయిన,
నీ అక్క
బాలమ్మ (వేలిముద్ర)